పాత ఇనుము - ప్రాణి రూపాలు

పాత ఇనుము కొనే దుకాణంలో కాటాకు ఒక్కటే న్యాయం. దాని మీదికి ఎక్కిన వస్తువు నిన్నటిదాకా నాగలి కర్రుగా ఉన్నదా, సైకిలు హ్యాండిలుగా ఉన్నదా, కుట్టుమిషను చక్రంగా ఉన్నదా అని అది అడగదు. కిలోకు ఇంత అని లెక్కగట్టి, వస్తువును గుట్ట మీదికి విసురుతారు. ఆ విసురుతోనే దాని పేరు పోతుంది. మిగిలేది బరువు మాత్రమే. ఉర్దూలో దీనిని ‘కబాడ్’ అంటాము, తెలుగులో ‘తుక్కు’ అంటాము. రెండు మాటలలోనూ కొంత చులకన ధ్వనిస్తుంది. ఆ గుట్ట కొలిమికి చేరి, కరిగి, మళ్ళీ ఉక్కుగా మారడం దేశానికి మేలు చేసే పని. అందులో చులకన చేయవలసినది ఏదీ లేదు. అయితే ఆ గుట్ట ముందు నిలబడి, వస్తువులకు పోయిన పేర్లను జ్ఞాపకం పెట్టుకుని, వాటితోనే పక్షులను, జంతువులను నిలబెట్టిన కళాకారులు కొందరున్నారు. వారి పనిని గురించి విద్యార్థి మిత్రులకు నాలుగు మాటలు చెప్పాలన్నది మా ఉద్దేశం.

ముందుగా ఒక దారిని పరిచయం చేస్తాము. అమెరికా దేశపు ఉత్తర భాగంలో నార్త్ డకోటా అనే రాష్ట్రమున్నది. గోధుమ పండే మైదానాలు, శీతకాలంలో గడ్డకట్టించే చలి, దూరదూరంగా విసిరేసినట్లుండే పల్లెలు. ఆ రాష్ట్రపు నైరుతి మూలన రీజెంట్ అనే ఊరున్నది. ఊరు అనడమే గాని, 2010 జనాభా లెక్కలలో అక్కడ తేలినవారు 160 మంది మాత్రమే. పెద్ద యంత్రాలు వచ్చిన తరువాత సేద్యానికి మనుషులు ఎక్కువ అక్కరలేకపోయారు. పిల్లలు చదువుకుని పట్టణాలకు పోయారు. దుకాణాలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. పెద్ద రహదారికి దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరికి దారి తప్పినవాడు తప్ప మరొకడు రాడు.

ఈ ఊరిలో పుట్టినవాడు గ్యారీ గ్రెఫ్. ఆయన బడిపంతులు, కొంతకాలం ప్రధానోపాధ్యాయుడు. శిల్పం నేర్చినవాడు కాడు, వెల్డింగు అసలే తెలియదు. సొంత ఊరికి తిరిగి వచ్చినప్పుడు అది కళ్ళ ముందే కరిగిపోతున్నదని గ్రహించాడు. అదే రోజులలో ఒక రైతు ఇనుముతో ఒక మనిషి బొమ్మను చేసి తన పొలం దగ్గర నిలబెడితే, దారిన పోయేవారు వాహనాలు ఆపి ఫొటోలు తీసుకోవడం ఆయన కంటబడింది. ఒక చిన్న బొమ్మ కోసం జనం ఆగితే, ఎవరూ చూడనంత పెద్ద బొమ్మ కోసం ఎంత దూరమైనా రారా? ఈ ఒక్క తర్కంతో ఆయన 1989లో పనికి పూనుకున్నాడు. ఇంటర్‌స్టేట్ 94 అనే పెద్ద రహదారి నుండి రీజెంట్ వరకు సాగే 32 మైళ్ళ దారి వెంట, పొలాల అంచున, దూరదూరంగా పెద్ద లోహ శిల్పాలు నిలపాలని సంకల్పించాడు. ఆ దారికి ‘ఎన్‌చాంటెడ్ హైవే’ అని పేరు. మన భాషలో మాయాదారి అనుకోవచ్చు.

మొదట 1991లో ఒక రైతు కుటుంబం లేచింది. తల్లి బొమ్మకు తలవెంట్రుకలు ముళ్ళతీగతో చేశారు. పొలం చుట్టూ కంచెగా ఉండే తీగ ఒక తల్లి తలకట్టుగా మారడంలో కొంత హాస్యమున్నది, ఆ ప్రాంతపు జీవితమూ ఉన్నది. తరువాత ప్రాణుల వరుస మొదలైంది. 1996లో ఫెజెంట్ పక్షుల కుటుంబం వచ్చింది. మన అడవికోడికి దూరపు చుట్టమనదగిన ఆ పక్షిలో పుంజు ఎత్తు 40 అడుగులు, పొడవు 70 అడుగులు. 1999లో మిడతలు వచ్చాయి. మిడత ఆ మైదానపు రైతుకు పాత శత్రువు. దానినే 40 అడుగుల ఎత్తున నిలబెట్టారు. 2001లో ఎగిరే బాతుల శిల్పం, 2002లో కంచె మీదుగా దుముకుతున్న దుప్పి, దాని పక్కన ఆడదుప్పి, ఆ తరువాత కొన్నేళ్ళకు నీటి పైకి ఎగిరిన ట్రౌట్ చేప. వీటిలో బాతుల శిల్పం 110 అడుగుల ఎత్తు, 154 అడుగుల వెడల్పు, 70 టన్నులకు పైగా బరువు కలది. తుక్కు లోహంతో చేసిన శిల్పాలలో ప్రపంచంలోకెల్లా పెద్దదని గిన్నిస్ గ్రంథంవారు దానిని గుర్తించారు.

ఇంత లోహం ఎక్కడిదని అడగవచ్చు. ఆ రాష్ట్రంలో చమురు బావులు ఉన్నాయి. పాతబడిన చమురు ట్యాంకులు, బావులలో దించే గొట్టాలు ఆ ప్రాంతపు తుక్కు. దుప్పుల దేహాలు ఆ ట్యాంకుల రేకులతో చేసినవే. ఈ విషయం మాకు ముఖ్యమని తోస్తున్నది. ఏ ఊరి తుక్కు ఆ ఊరి చరిత్ర. చమురు బావుల దేశంలో ట్యాంకు దుప్పి అయితే, చెరకు పండే చోట గానుగ రోలరు ఏనుగు పాదం కావచ్చు. వెల్డింగు ఆయనకు నేర్పినవారు కూడా చుట్టుపక్కల రైతులే. నాగళ్ళను, ట్రాక్టర్లను తామే అతుక్కునే రైతులకు ఆ విద్య ఇంటిలోదే. స్థలాలు కూడా రైతులవి. వారి పొలాల అంచునే శిల్పాలు నిలిచాయి. ఊరి పాత బడి భవనాన్ని 2012లో ఆయన కోట రూపంలో ఉండే బసగా మార్చాడు. బొమ్మలతో ఊరు పూర్వపు స్థితికి వచ్చిందని చెప్పలేము. 2020 లెక్కలలోనూ జనాభా 200 దాటలేదు. అయినా ఎన్నడూ ఎవరూ మలుపు తిరగని చోట వాహనాలు మలుపు తిరుగుతున్నాయి.

ఇక ఇనుప ముక్కలలో మనకు జంతువు ఎట్లా కనిపిస్తుందన్నది అసలు ప్రశ్న. దీనికి చక్కని ఉదాహరణ పికాసో 1942లో చేసిన ఎద్దు తల. అందులో ఉన్నవి రెండే వస్తువులు: ఒక సైకిలు సీటు, ఒక సైకిలు హ్యాండిలు. సీటు మొన కిందికి దిగితే అది మూతి. పైన హ్యాండిలు వంపులు కొమ్ములు. చూచిన మరుక్షణం ఎద్దు కనిపిస్తుంది. ఇంకొక క్షణంలో సైకిలు కనిపిస్తుంది. మళ్ళీ ఎద్దే. ఒకదానిని చూస్తూ రెండవదానిని మరచిపోలేము. పికాసో దీనిపై ఒక చమత్కారపు మాట అన్నాడని ప్రతీతి: ఎవరైనా ఈ ఎద్దు తలను చెత్తలో చూచి, ఇది నా సైకిలుకు పనికివస్తుందని తీసుకుపోతే తనకు సంతోషమేనట. 1951లో ఆయన చేసిన కొండముచ్చు బొమ్మకు ముఖం తన కుమారుని ఆటకారులు రెండు. వాటిని అడుగుభాగాలు ఒకదానికొకటి ఆనేటట్లు కలిపాడు. కారు ముందు అద్దాలు కళ్ళయ్యాయి, ముందుభాగం మూతి అయింది. తోక మోటారు కారు స్ప్రింగు.

దీని నుండి గ్రహించవలసినది ఒకటున్నది. పాలరాతి శిల్పి రాతిలో లేని రూపాన్ని కల్పించి, రాతిని రాయిగా మరపిస్తాడు. తుక్కు శిల్పి వస్తువును దాచడు. స్పానరు స్పానరుగానే ఉంటుంది, కొంగ ముక్కుగానూ ఉంటుంది. దాచి, పుట్టీ పూసి, రంగు వేసి నున్నగా చేసిన చోట ఈ కళ చచ్చిపోతుంది; అప్పుడది ఏ రేకుతోనైనా చేయగల బొమ్మ. ఈ మధ్య పట్టణాల కూడళ్ళలో కనిపించే కొన్ని పనులలో వేలకొద్దీ నట్లు అతికించి ఉంటారు, కాని ఒక్క నట్టుకూ అక్కడే ఉండవలసిన కారణం ఉండదు. శ్రమ కనిపిస్తుంది, చూపు కనిపించదు. మా మాట కొందరికి కటువుగా తోచవచ్చు.

పోలిక వచ్చేది చిన్న వివరాలతో కూడా కాదు. గొఱ్ఱెకు, మేకకు, కుక్కకు నాలుగు కాళ్ళే. తేడా నిలబడే తీరులో ఉన్నది. మెడ ఎక్కడ వంగుతుంది, వెనుక కాలి మడమ నేలకు ఎంత ఎత్తున ఉంటుంది, బరువు ఏ కాలి మీద పడుతుంది అన్న మూడు సంగతులు సరిగా పట్టినవాడు నాలుగు ఇనుప కడ్డీలతోనే మేకను చూపగలడు. అందుకే పనివారు ముందుగా నేల మీద సుద్దముక్కతో జంతువు పక్కరూపాన్ని నిలువెత్తున గీసి, గీత వెంట కడ్డీలు పరచి అతుకుతారు. అది అస్థిపంజరం. దాని మీద కండగా గేర్లు, చైన్లు, బేరింగులు, రేకులు వస్తాయి. సైకిలు చైను వంగుతుంది గనుక మెడకు, వెన్నుకు ఒదుగుతుంది. కమాను బద్దీలో సహజంగానే పక్కటెముక వంపు ఉన్నది. కొడవలి కోడిపుంజు తోకకు పుట్టినట్లుంటుంది. కళ్ళకు బేరింగు గుండ్లు.

ఈ పద్ధతికి దారి తీసినది వెల్డింగు విద్య. స్పెయిన్ దేశీయుడు హూలియో గొన్సాలెస్ బార్సెలోనాలో లోహపు పనివారి ఇంట పుట్టాడు. 1918లో ఫ్రాన్సులో రెనో కార్ల కర్మాగారంలో పనిచేస్తూ గ్యాసు వెల్డింగు నేర్చాడు. ఆ కార్ఖానా విద్యనే శిల్పానికి తెచ్చాడు. 1928 నుండి పికాసోకు లోహపు పనిలో తోడ్పడినవాడు ఆయనే. మార్సెయ్ నగరంలో ఇటలీ నుండి వలస వచ్చిన కుటుంబంలో 1921లో పుట్టిన సెజార్ బాల్దచ్చీనీ కథ కూడా ఇటువంటిదే. పాలరాయి, కంచు కొనే స్థోమత లేక పాత ఇనుము పట్టాడు. ప్యారిస్ శివార్లలోని విల్తనూజ్ అనే చోట ఒక కర్మాగారంలో, అక్కడి తుక్కుతోనే పనిచేశాడు. 1954 నాటి చేప, గబ్బిలం మొదలైన ఆయన ప్రాణులకు పేరు వచ్చింది. ఫ్రాన్సులో సినిమాలకు 1976 నుండి ఇచ్చే ‘సెజార్’ బహుమతి ప్రతిమను రూపొందించినది ఆయనే. ఒకరిది కార్ఖానా కూలి, మరొకరిది లేమి. రెండింటి నుండీ పుట్టిన విద్య ఇది.

చేతితో చేయాలని ముచ్చటపడే విద్యార్థులు కొన్ని సంగతులు తప్పక తెలుసుకోవాలి. ఉక్కు సుమారు 1500 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరుగుతుంది. ఆక్సిజన్-ఎసిటిలీన్ మంట 3000 డిగ్రీలు దాటుతుంది. విద్యుత్తుతో చేసే ఆర్కు వెల్డింగులో వేడి ఇంకా ఎక్కువ. రెండు ముక్కల అంచులు కరిగి, మధ్యన రాడ్డు లోహం కూడి, చల్లారి ఒకటవుతాయి. అయితే అన్ని ఇనుములూ ఒకటి కావు. పోత ఇనుములో బొగ్గుపాలు ఎక్కువ, అది పెళుసు. మామూలు రాడ్డుతో అతికితే చల్లారేటప్పుడు పక్కనే పగులుతుంది. ముందుగా వేడిచేసి, నికెల్ రాడ్డు వాడి, మెల్లగా చల్లారనివ్వాలి. జింకు పూత ఉన్న గొట్టాలను, రేకులను అట్లాగే కాల్చితే తెల్లని పొగ వస్తుంది. దానిని పీల్చినవారికి సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది. మెరిసే క్రోమియం పూత పొగ అంతకంటె చెడ్డది. అన్నిటికంటె ప్రమాదం పాత పెట్రోలు ట్యాంకు. ఖాళీగా కనిపించినా లోపల ఆవిరి ఉంటుంది, నిప్పు తగిలితే బాంబు వలె పేలుతుంది. సరిగా కడిగి శుద్ధి చేయని ట్యాంకు దగ్గరకు మంట తేరాదు. వెల్డింగు వెలుగును నల్ల అద్దం లేకుండా చూస్తే ఆ రాత్రి కళ్ళలో ఇసుక పోసినట్లుంటుంది. మన వీధులలో పనివారు చేయి అడ్డం పెట్టుకుని వెల్డింగు చేయడం చూస్తూనే ఉన్నాము. అది నేర్పు అనిపించుకోదు.

ఆరుబయట నిలిపే బొమ్మకు మరికొన్ని చిక్కులున్నాయి. వాన నీరు నిలిచే ప్రతి గుంట నుండి తుప్పు మొదలవుతుంది గనుక అడుగున రంధ్రం వదలాలి. గాలికి పెద్ద రేకు తెరచాప వంటిది. ఎత్తైన బొమ్మకు పునాది కాంక్రీటు లోతుగా ఉండాలి. రీజెంట్ దారిలోని ఫెజెంట్ పక్షులను తీగజాలితో చేశారు. జాలి గుండా గాలి దూరిపోతుంది. మే నెల ఎండలో ఇనుము ముట్టుకోలేనంత కాలుతుంది. పిల్లల చేయి అందేంత ఎత్తు వరకు అంచులన్నిటినీ గ్రైండరుతో మొద్దుబార్చాలి. రెడ్ ఆక్సైడ్ పూత వేయాలా, తుప్పు రంగునే ఉంచాలా అన్నది రుచిని బట్టి ఉంటుంది. దారి వెంట నిలిపే బొమ్మలకు ఒక సౌలభ్యమున్నది: దూరం నుండి ఆకాశం మీద నల్లని జంతువు కనిపిస్తుంది, దగ్గరికి వచ్చిన కొద్దీ అది విడిపోయి వస్తువులవుతుంది. నాలుగు గోడల మధ్య ఈ నడక దొరకదు.

మా కళాశాల పత్రికలో ప్రాణి రూపాలను గురించి వ్రాస్తూ ఒక సంగతిని దాటవేయడం న్యాయం కాదు. ప్రాణుల ప్రతిమలు చేయడంపై మన ఇస్లామీయ పండితులలో చాలామందికి గట్టి ఆక్షేపణ ఉన్నది. ఆ ధర్మనిర్ణయం చేసే అర్హత మాకు లేదు, చేయబోము. చరిత్రలో ఉన్నదానిని మాత్రం చెబుతాము. గ్రనడాలోని అల్‌హంబ్రా కోటలో ఒక జలాశయాన్ని 12 పాలరాతి సింహాలు మోస్తున్నాయి. ఇరాన్‌లో హిజ్రీ 577లో, అనగా క్రీ.శ. 1181-82లో, జాఫర్ బిన్ ముహమ్మద్ బిన్ అలీ అనే పనివాడు ఒక అమీరు కోసం చేసిన కంచు ధూపపాత్ర నేడు న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఉన్నది. దాని రూపం సింహం. ఒంటినిండా జాలిపని, లోపల ఊదు వెలిగిస్తే ఆ జాలి గుండా సువాసన వస్తుంది. పనివాని పేరూ, సంవత్సరమూ దాని మీదనే చెక్కి ఉన్నాయి. పూజ ఉద్దేశంతో చేయని, వాడుక వస్తువులైన ఇటువంటివి ముస్లిం దేశాలలో వెలిశాయన్నది వాస్తవం. అదే విధంగా, అట్టివి కూడదని దూరంగా ఉన్న వారి భక్తీ వాస్తవమే. మా విద్యార్థులలో ఎవరికైనా మనసొప్పకపోతే చెట్లు, ఆకులు, లతలు, అక్షరాలు ఉన్నాయి. సైకిలు చైనుకు జంతువు మెడ ఎంత ఒదుగుతుందో నస్తాలీఖ్ లిపిలోని వంపు కూడా అంత ఒదుగుతుందని మా ఊహ. ఖుర్ఆన్‌లో ఒక సూరా పేరు ‘అల్ హదీద్’, అనగా ఇనుము, అని ఇక్కడ గుర్తు చేస్తే తప్పు కాదనుకుంటాము.

మన దేశంలోనూ ఈ పని జరుగుతున్నది. ఢిల్లీలో 2019లో తెరచిన ఒక ఉద్యానంలో ప్రపంచపు ఏడు వింతల నమూనాలను సుమారు 150 టన్నుల తుక్కుతో నిర్మించారు. మన తెనాలిలో కాటూరి వెంకటేశ్వరరావు గారి సూర్య శిల్పశాలలో వాహనాల విడిభాగాలతో నిలువెత్తు విగ్రహాలు తయారవుతున్నాయి. విగ్రహాల ఊరుగా తెనాలికి పాతపేరే ఉన్నది. సిమెంటు, కంచు దాటి ఆ చేతులు తుక్కుకు రావడం విశేషం.

ఇదంతా ఇప్పుడు వ్రాయడానికి ఒక కారణమున్నది. కొత్తగా చేరే విద్యార్థుల దరఖాస్తులు మేము ఏటా చూస్తుంటాము. ‘తండ్రి వృత్తి’ అన్న గడి దగ్గర కొందరి కలం ఆగుతుంది. చివరకు ‘వ్యాపారం’ అని వ్రాస్తారు. ఏ వ్యాపారం బాబూ అని అడిగితే, తల వంచుకుని, “పాత సామాన్లు సార్” అంటారు. వెల్డింగు పని, గ్యారేజి పని, కబాడ్ పని మన బస్తీలలో ఎన్ని ఇళ్ళను నిలబెడుతున్నాయో పాలకవర్గం పెద్దలకు మేము చెప్పనక్కరలేదు. ఒక గేరును చూచి అది ఏ బండిదో చెప్పగల పిల్లవాడు మా తరగతిలో కూర్చుని, ఆ తెలివి చదువు కాదనుకుంటున్నాడు. గొన్సాలెస్‌కు దారి చూపినది ఆ తెలివే.

మా కళాశాల వెనుక, సైన్సు ప్రయోగశాల గోడకు ఆనుకుని, ఒక గుట్ట ఉన్నది. విరిగిన బెంచీల ఇనుప కాళ్ళు, మూలనపడ్డ పంకాల రెక్కలు, పాత పంపు చక్రం, ఎవరివో తెలియని రెండు సైకిళ్ళు, ఒక గేటు సగం. వేసవి సెలవులలో దానిని కిలోల లెక్కన అమ్మడానికి తీర్మానం జరిగిందని విన్నాము. సొమ్ము గ్రంథాలయానికి పోతుందట, కనుక మేము అభ్యంతరం చెప్పము. కాటా వేసే రోజున ఒక్క గంట ముందు మమ్మల్నీ, మెకానిక్కు పని తెలిసిన నలుగురైదుగురు విద్యార్థులనూ ఆ గుట్ట దగ్గరకు రానివ్వవలసిందిగా పాలకవర్గాన్ని కోరుతున్నాము. మేము తీసుకునే ముక్కల బరువు కట్టి, ఆ ధర చెల్లిస్తాము. ప్రధాన ద్వారం నుండి గ్రంథాలయానికి పోయే కాలిబాట పక్కన స్థలమున్నది. పంకా రెక్కలు నాలుగు కలిస్తే ఏమి అవుతుందో ఒక విద్యార్థి ఇప్పటికే నోటుపుస్తకం చివరి పుటలో గీసి చూపాడు. తూనీగ అయింది.